మూడు షిఫ్టుల మధ్య ఒక నవలిక: ఒక కేస్ స్టడీ

విశాఖలో రాసేవాళ్లతో కూర్చుని పనిచేయడం నా వృత్తిలో సగం. మిగతా సగం ప్రూఫులు దిద్దడం, అచ్చుకు వెళ్లబోయే రాతప్రతులు చూడటం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి భాష ఉంది, చెప్పుకోవడానికి కథ ఉంది, చదివిన పుస్తకాలూ ఉన్నాయి. లేనిదల్లా కుర్చీలో కూర్చోవడమే. ఉద్యోగం, వంట, పిల్లల పరీక్షలు, పెద్దవాళ్ల మందులు ముందుకు వచ్చేసరికి రాత ఎప్పుడూ రేపటి ఖాతాలో పడుతుంది. అలాంటి ఒక కేసును ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఆమె చదివి సరేనన్న మీదటే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

నలభై దాటిన స్టాఫ్ నర్సు. నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం. ఇల్లు కంచరపాలెం వైపు. భర్తది ప్రైవేటు కంపెనీలో పని, ఇద్దరు పిల్లలు, అత్తగారు వీళ్లతోనే ఉంటారు. ఆదివారం అనుబంధాల్లో, ఒకటి రెండు మాసపత్రికల్లో ఆమె కథలు అచ్చయ్యాయి. ఆ తర్వాత ఒక నవలిక మొదలుపెట్టారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన పగలు, ఆ రాత్రి, ఒక ఆసుపత్రి వార్డులో ఏం జరిగిందన్నది వస్తువు. ఆ రోజు ఆమె స్వయంగా డ్యూటీలో ఉన్నారు. ఊరు ఊరంతా చెట్లు కూలి, కరెంటు పోయి, ఫోన్లు మూగబోయిన రోజు. వస్తువుకు వంక పెట్టడానికి లేదు. కానీ ఏళ్ల తరబడి మొదటి అధ్యాయం దాటలేదు.

"మాస్టారూ, నేను ఒట్టి బద్ధకస్తురాలిని. నాకు కాస్త క్రమశిక్షణ నేర్పండి" అన్నారు, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో మొదటిసారి కలిసినప్పుడు. పన్నెండు గంటల నైట్ డ్యూటీ చేసి, ఇంటికి వెళ్లి, మినప్పప్పు నానబోసి పడుకునే మనిషి ఈ మాట అంటున్నారు. నేను వాదించలేదు. ఇలా వచ్చేవాళ్లలో చాలామంది తమ మీద తామే ఒక తీర్పు రాసుకుని, దాన్ని చేతిలో పట్టుకునే వస్తారు. దాన్ని కొట్టిపారేస్తే మొహమాటానికి తలూపుతారు తప్ప నమ్మరు. అందుకే ఒక పని అప్పగించాను. రెండు వారాలపాటు ఏమీ రాయనక్కర్లేదు. రాయాలనుకున్న ప్రతిసారీ అప్పుడు నిజంగా ఏం జరిగిందో మాత్రం ఒక చిన్న పుస్తకంలో రెండు ముక్కలు రాసి తేవాలి.

పుస్తకంలో కనిపించింది

ఆమె పెట్టుకున్న నియమం ఒక్కటే: రోజూ తెల్లవారి ఐదింటికి లేచి గంటసేపు రాయడం. ఎక్కడో చదివారట. ఇలాంటి సలహాలు ఇచ్చేవాళ్లు తరచుగా ఉదాహరణగా చూపే మనిషి ఆంటోనీ ట్రాలప్. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, ఉదయం ఐదున్నరకే బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 మాటల లెక్కన రాసిన నవలాకారుడు. సలహా ఇచ్చేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ఆ వేళకు తనను లేపినందుకు ట్రాలప్ తన పాత నౌకరుకు ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవారు. పైగా ఐదున్నర అన్నది ఆయనకు రోజూ ఒకేలా వచ్చే ఐదున్నర.

మన నర్సు విషయం వేరు. ఉదయం డ్యూటీ 8 నుంచి 2 వరకు, మధ్యాహ్నం డ్యూటీ 2 నుంచి రాత్రి 8 వరకు, నైట్ డ్యూటీ రాత్రి 8 నుంచి మర్నాడు ఉదయం 8 వరకు. ఉదయం డ్యూటీ వారంలో తెల్లవారి ఐదంటే గ్యాస్ పొయ్యి రెండు వైపులా వెలిగే వేళ, మూడు క్యారియర్లు కట్టాలి. మధ్యాహ్నం డ్యూటీ వారంలో ఇంటికి వచ్చి, తిని, గిన్నెలు సర్ది పడుకునేసరికి అర్ధరాత్రి. నైట్ డ్యూటీలో ఐదంటే వార్డులో ఇంజెక్షన్ల వేళ. అంటే మూడు షిఫ్టుల్లో ఏ ఒక్కదానికీ ఆ నియమం పొసగదు. చార్టు మారిన ప్రతిసారీ నియమం తప్పుతుంది. తప్పిన రెండో రోజున "నా వల్ల కాదు" అన్న మాట పుస్తకంలో కనిపిస్తుంది. ఇక ఆ వారమంతా ఖాళీ. ఆమె బద్ధకం అనుకుంటున్నది నిజానికి డ్యూటీ చార్టుకూ నియమానికీ కుదరని లెక్క.

రెండో సంగతి అంతకన్నా ముఖ్యమైనది. కూర్చున్న కొద్దిసార్లూ ఆమె కొత్తగా రాసింది లేదు. మొదటి అధ్యాయాన్ని మొదటి పేజీ నుంచి చదవడం, మాటలు మార్చడం, పావుగంట ఆ సవరణలతో గడిచాక అలసిపోయి మూసేయడం. ఆ అధ్యాయపు పాఠాలు (మార్చి మార్చి రాసిన ప్రతులు) ఎన్ని తయారయ్యాయో ఆమెకే లెక్క తెలియదు. చదివి చూశాను. చివరి పాఠం మొదటిదానికన్నా బాగుందని చెప్పలేను, నున్నగా ఉంది అంతే.

మూడోది సభలు. విశాఖలో సాహిత్య సభలకు కరువు లేదు. ఆవిష్కరణ, పరిచయ సభ, స్మారకోపన్యాసం ఇలా వరుసగా హాజరైతే సాయంత్రాలన్నీ శాలువాల మధ్యే గడిచిపోతాయి, ఒక్క వాక్యమూ రాయకుండా రచయిత్రిగా బతికేయవచ్చు. దీనికి పెద్ద చికిత్స అక్కర్లేకపోయింది. నవలిక పూర్తయ్యేదాకా నెలకు ఒక్క సభ అన్నాను, ఒప్పుకున్నారు.

ప్రసిద్ధ కథకుడు కారా మాస్టారి ప్రస్తావన కూడా వచ్చింది. "ఆయన కూడా తక్కువే రాశారు కదా" అన్నారు. విశాఖలో రాయనివాళ్లందరికీ కాళీపట్నం రామారావు గారు ఒక ఆసరా. ఆయన సెయింట్ ఆంథోనీ హైస్కూలులో లెక్కల మాస్టారుగా పనిచేస్తూ రాశారు, తక్కువే రాశారు. కానీ ఒక కథను ఏళ్లపాటు మనసులో తిప్పి తిప్పి చివరికి రాసి ఇచ్చిన మనిషిని, మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోవడానికి సాక్షిగా పిలవడం అన్యాయం. ఆ మాటే చెప్పాను, కాస్త కటువుగానే.

చేసిన పని

మొదట ఐదు గంటల నియమాన్ని రద్దు చేశాం. వేళకు బదులు సందర్భాన్ని పట్టుకున్నాం. పీటర్ గాల్విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ పద్ధతిని వివరించారు: "రోజూ రాస్తాను" అని సంకల్పించుకోవడం కంటే "ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను" అని ముందే ముడివేసుకుంటే పని జరిగే అవకాశం ఎక్కువ. ఆ సందర్భం వచ్చినప్పుడు రాయాలా వద్దా అన్న చర్చ మనసులో మళ్లీ మొదలవదు.

షిఫ్టుకొక ముడి వేశాం. ఉదయం డ్యూటీ అయితే, ఇంటికి వచ్చి స్నానం చేసి టీ గ్లాసు పట్టుకోగానే. మధ్యాహ్నం డ్యూటీ అయితే, పిల్లలు బడికి వెళ్లి వీధి తలుపు మూయగానే. నైట్ డ్యూటీ అయితే పొద్దున ఇంటికి చేరగానే ఏమీ రాయకూడదు, ముందు నిద్ర. లేచి మొహం కడుక్కున్నాక మాత్రమే. ఈ మూడోదాని మీద ఆమె చాలా గొడవపడ్డారు. రాత్రంతా వార్డులో చూసినవి తాజాగా ఉంటాయి, అప్పుడే రాయాలి అన్నది ఆమె వాదన. ఒక వారం అలాగే రాయమన్నాను. రాశారు. వాక్యాలు మధ్యలో తెగి, పాత్రల పేర్లు తారుమారై, ఒకచోట డాక్టరు పేరు రోగికి వచ్చింది. ఆమే నవ్వి పక్కన పెట్టారు. తాజాగా ఉన్నవాటిని పడుకునే ముందు నాలుగు మాటల్లో గుర్తుగా రాసుకోవచ్చన్నది రాజీ.

ఇక మోతాదు. పావుగంట లేదా అరపేజీ, ఏది ముందు పూర్తయితే అది. ఇంత తక్కువా అని ఆమె చిన్నబుచ్చుకున్నారు. దీనికి నేను కింది హద్దుతో పాటు పై హద్దు కూడా పెడతాను, అది చాలామందికి నచ్చదు. సెలవు రోజున రెండు గంటలు దాటకూడదు. కారణం ఆమె పుస్తకంలోనే ఉంది. నైట్ ఆఫ్ (నైట్ డ్యూటీల తర్వాతి సెలవు) దొరికిన రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని, మెడ పట్టేసి, ఇంట్లో అందరిమీదా విసుక్కుని, ఆ తర్వాత వారం రోజులు పుస్తకం వైపు చూడలేదు. రాబర్ట్ బాయిస్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త విశ్వవిద్యాలయ అధ్యాపకుల రాత అలవాట్లను చాలాకాలం పరిశీలించారు. బుద్ధి పుట్టినప్పుడే రాసేవాళ్లకంటే, బుద్ధి పుట్టినా పుట్టకపోయినా కేటాయించిన వేళకు కూర్చున్నవాళ్లు ఎక్కువ పేజీలు రాశారనీ, కొత్త ఆలోచనలు కూడా వాళ్లకే ఎక్కువ వచ్చాయనీ 1983లో ప్రచురించిన అధ్యయనంలో చూపారు. ప్రేరణ వచ్చాక కూర్చుంటానని చెప్పే ప్రతివారికీ నేను ఈ రెండో సగాన్ని గట్టిగా చదివి వినిపిస్తాను.

మొదటి అధ్యాయాన్ని ఆమె నుంచి తీసేసుకున్నాను. ఇది మాట వరసకు అనడం లేదు. పాఠాలన్నీ కలిపి రబ్బరు బ్యాండు వేసి తెచ్చి నా బల్లమీద పెట్టారు. బీరువాలో దాచాను. నవలిక చివరి పేజీ రాసేదాకా తిరిగి ఇచ్చేది లేదన్నాను. రెండో అధ్యాయం కొత్త పొడుగు నోట్‌బుక్‌లో, కుడి పేజీలో మాత్రమే. ఎడమ పేజీ ఖాళీ. వెనక ఏదైనా మార్చాలని అనిపిస్తే ఎడమ పేజీలో ఒక గీతలో రాసి ముందుకు నడవాలి. "రాజ్యం వయసు తగ్గించాలి", "వాన ముందే మొదలైనట్టు చెప్పాలి" లాంటివి. వెనక్కి తిరిగి దిద్దడం పూర్తిగా మానమంటే ఎవరూ మానలేరు. ఆ దురదకు ఒక చోటు చూపిస్తే చాలు.

హ్యాండోవర్

అన్నిటికన్నా బాగా పనిచేసింది నా ఆలోచన కాదు, ఆమె ఉద్యోగంలోదే. రెండు మూడు రోజుల ఖాళీ తర్వాత కూర్చుంటే కథ ఎక్కడుందో మళ్లీ పట్టుకోవడానికే పావుగంటా అయిపోతోందని ఫిర్యాదు చేశారు. వార్డులో అయితే ఏం చేస్తారని అడిగాను. డ్యూటీ మారేటప్పుడు దిగే నర్సు ఎక్కే నర్సుకు బెడ్డు వరుసన అన్నీ అప్పగిస్తుంది. ఎవరికి ఏం ఇచ్చాం, ఏ రిపోర్టు రావాలి, ఎవరిని కనిపెట్టి ఉండాలి. దాన్నే హ్యాండోవర్ అంటారు. అది ఇవ్వకుండా వార్డు వదలడం ఉండదు.

అదే రాతలోకి తెచ్చాం. పావుగంటలో చివరి మూడు నిమిషాలు హ్యాండోవర్‌కు. రేపు కూర్చోబోయే మనిషి వేరే నర్సు అనుకుని ఆమెకు అప్పగించినట్టు రాయాలి. ఒక రోజు రాసినది ఆమె అనుమతితో ఇక్కడ ఇస్తున్నాను:

"7వ బెడ్ ముసలాయన నిద్రపోతున్నాడు, కొడుకు ఇంకా చేరలేదు, ఎన్‌ఏడీ కూడలి దగ్గర చెట్టు పడి ఆగిపోయాడు. తూర్పు కిటికీ అద్దం పగిలింది, దుప్పటి కట్టాం, తడుస్తోంది. జనరేటరులో డీజిలు ఎంతుందో వార్డుబాయ్‌కి ఒక్కడికే తెలుసు, ఇంకా ఎవరికీ చెప్పలేదు. రాబోయేది: చెప్పాలా వద్దా అని అతను గుమ్మం దగ్గర నిలబడటం. కనిపెట్టవలసింది: సిస్టర్ అతని ముఖం చూసి గ్రహిస్తుందా, అతను చెప్పాకనా?"

ఈ నాలుగు ముక్కలు చదివిన తర్వాత కలం పట్టకుండా ఉండటం కష్టం. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆమె కథనం కంటే ఈ హ్యాండోవర్లలో భాష బిగువుగా ఉంది. కథనంలో ఉన్న "ప్రకృతి ప్రళయ తాండవం" వంటి పడికట్టు మాటలు ఇక్కడ లేవు. అది గమనించి ఆమే కథనాన్ని ఆ ధోరణికి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. క్రమశిక్షణ కోసం పెట్టిన ఏర్పాటు శైలిని మార్చడం నేను అరుదుగా చూశాను.

ఇల్లు

ఇంట్లో ఆమె రాతకు ఎవరూ అడ్డు చెప్పలేదు. అదే చిక్కు. "రాసుకో అమ్మా" అని అత్తగారే అంటారు, రెండు నిమిషాలకు "అమ్మాయ్, జీలకర్ర డబ్బా ఎక్కడ పెట్టావ్" అని కేకేస్తారు. గదికి తలుపేసుకుంటే పెద్దావిడకు కోపం వచ్చిందేమో అన్న అనుమానం. అడ్డుపడేవాళ్లతోనైనా పోట్లాడవచ్చు, ఇలాంటివాళ్లతో ఏం చేస్తాం?

మార్చినది ఒక్క వాక్యం. "రాసుకుంటున్నాను" అనడం మానేసి, "మూడున్నరకి వచ్చేస్తాను అత్తయ్యా" అని చెప్పి కూర్చోవడం. చెప్పిన వేళకు నిజంగా లేచి వెళ్లడం. రాతకు అంతు ఎప్పుడో తెలియకపోతే పిలిచేవాళ్లకు ఇప్పుడైనా ఒకటే, తర్వాతైనా ఒకటే. తెలిస్తే ఆగుతారు. కొద్ది రోజులకే అత్తగారు పక్కింటావిడను కూడా "మూడున్నర అవనీ" అని ఆపడం మొదలుపెట్టారట.

పనిచేయనివి

గోడమీద పేజీల లెక్క చార్టు పెట్టారు, పిల్లల సలహా మీద. వారం తిరక్కుండానే "అమ్మా, ఈరోజు ఎన్ని?" అన్న విచారణ మొదలైంది. లెక్క నింపడానికి ఆమె పాత్రల చేత ఊరికే మాట్లాడించడం మొదలుపెట్టారు. "తిన్నావా?" "తిన్నాను." "నువ్వు?" "నేనూ తిన్నాను." పేజీ నిండింది. చార్టు తీసేయించాను. దాని బదులు, ఆమె హ్యాండుబ్యాగులో ఎప్పుడూ ఉండే డ్యూటీ చార్టు నకలు మీద, కూర్చున్న రోజున ఒక చుక్క. ఎంత రాశారన్నది ఎక్కడా ఉండదు.

ఫోనులో మాటలు చెప్పి రాయించుకోవడం కూడా ప్రయత్నించారు, బస్సులో. పక్క సీటువాళ్లు కథ వినడం తప్ప ఫలితం లేదు.

మధ్యలో ఆగినప్పుడు

వానాకాలంలో జ్వరాల కేసులు పెరిగి వార్డు నిండింది, తోటి నర్సులు సెలవు పెట్టారు, అదే సమయంలో పెద్దబ్బాయి పరీక్షలు. రాత ఆగింది. వారం దాటింది, ఇంకా సాగింది. పాత ఆమె అయితే ఇక్కడ కథ ముగిసేది.

ఇలాంటి చోట నేను చెప్పే అధ్యయనం ఒకటుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించింది. రోజూ చేసే ఒక చిన్న పని అలవాటుగా స్థిరపడటానికి పట్టిన కాలం మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉండవచ్చని లెక్కగట్టారు. మధ్యస్థం 66 రోజులు. "21 రోజుల్లో ఏ అలవాటైనా" అని చెప్పేవాళ్లను అందుకే నమ్మను. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదన్నది వాళ్లు కనుగొన్న మరో సంగతి. అయితే వాళ్లు చూసినవి మంచినీళ్లు తాగడం, పండు తినడం, కాసేపు పరుగెత్తడం వంటివి. నవలిక రాయడం వాటంత తేలిక కాదు, ఒక రోజుకు వర్తించినది పక్షం రోజులకు వర్తిస్తుందనీ చెప్పలేం. కాబట్టి తిరిగి రావడానికి వేరే ఒక పద్ధతి పెట్టాం: మొదటి రోజు చివరి హ్యాండోవర్‌ను చేత్తో మళ్లీ యథాతథంగా రాయడం, దాని కింద ఒక్క కొత్త వాక్యం, అంతే. పోయిన రోజులను కూడబెట్టి తీర్చుకోవడం నిషేధం. ఆమె తిరిగి వచ్చారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆగిపోయినది రాత ఒక్కటే అయితే ఈ పద్ధతులు చూడవచ్చు. తిండి, నిద్ర, మనుషుల మీద ఆసక్తి అన్నీ కలిసి రెండు వారాలకు మించి పడిపోతే అది వైద్యుడు చూడవలసిన విషయం. అలాంటివాళ్లను నేను నోట్‌బుక్కులతో వేధించను.

ఫలితం, ప్రస్తుతం

సుమారు పది నెలల్లో నవలిక మొదటి ప్రతి పూర్తయింది. చేతిరాతలో వంద పేజీలకు పైన. ఆమె మొదట మనసులో పెట్టుకున్న పత్రిక పోటీ గడువు అంతకుముందే దాటిపోయింది. బీరువాలోంచి పాత మొదటి అధ్యాయం తీసి ఇచ్చాను. చదివి, అందులో రెండు పేరాలు మాత్రం ఉంచుకున్నారు. కథ ఇప్పుడు జనరేటరు దగ్గర మొదలవుతుంది. రెండో సగం ఇంకా పల్చగా ఉంది. తుపాను తగ్గాక వార్డులో ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు, కథకు అందులో ఏది కావాలో ఇంకా తేలలేదు.

ఈలోగా ఆమెను ఓపీకి (బయటి రోగులను చూసే విభాగానికి) మార్చారు. ఇక నైట్లు లేవు, రోజూ పగటి డ్యూటీయే. ఇంట్లోవాళ్లూ, స్నేహితులూ ఇక రాతకు తిరుగుండదని సంబరపడ్డారు. జరిగింది వేరు. చుక్కలు పల్చబడ్డాయి. నైట్ తర్వాతి మెలకువ, బడి వేళకు మూసిన తలుపు, ఈ ముడులన్నీ ఒక్కసారిగా పోయాయి. మిగిలిన టీ గ్లాసు ముడికి ఇప్పుడు పిల్లల ట్యూషన్లు అడ్డు వస్తున్నాయి. ఓపీ మొదలవడానికి ముందు నర్సుల గదిలో ఆమెకు కాసేపు దొరుకుతుంది. తిరగరాత కాబట్టి పావుగంట సరిపోదు, ఒక సీను ఒక పట్టున చూడాలి. అందుకని సీన్లను విడివిడి కాగితాలుగా చేసి, రోజుకొకటి మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్లమన్నాను. ఈ నెల చార్టు తెచ్చి చూపిస్తానన్నారు.